చెల్లని ఉగాది

మొన్న శనివారం ఇక్కడ మలేషియాలో, మా క్లాంగ్ ఊరి లిటిల్ ఇండియాలో మేం ఎప్పుడూ సరుకులు కొనే కొట్టుకి వెళితే, కొట్టాయన నన్ను చూస్తూనే, నేను అడక్కుండానే, లోపలి అరలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. ఇందుప్పు. మన వైద్యులు సైంధవ లవణం అనేది ఇదే. లేత గులాబీ రంగులో గోడ పెచ్చుల్లా ఉంటుంది. "మీ ఇంట్లో మళ్ళీ మొదలుపెట్టారటగా అక్కా! మీ అమ్మాయి వచ్చి కొనుక్కెళ్ళింది. వచ్చే ఏడాదికి మరిచిపోకుండా తెప్పించి ఉంచుతా" అన్నాడు తమిళంలో. నేను డబ్బులిచ్చాను. పొట్లం తీసుకుని వచ్చి కారులో కూర్చున్నాను. సంతోషంగా ఉందా, బాధగా ఉందా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. ఏమీ లేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక మన పెదవి మనది కాకుండా పోతుంది చూడండి, అలా ఉంది. నాకిది కొత్త కాదు కాబట్టి కారు తీసి ఇంటికి వచ్చేశాను.

ఈ ఉప్పు మా ఇంట్లోకి మా వదినతో పాటు వచ్చింది. వదిన పంజాబీ. వాళ్ళ తాతగారు పంజాబు నుంచి వచ్చి క్లాంగ్‌లో బట్టల కొట్టు పెట్టుకున్న హిందువు. మా తాతగారు విశాఖపట్నం అవతల నుంచి తెలుక్ ఇంటాన్ దగ్గర రబ్బరు తోటకి కూలికి వచ్చినవాడు. మా అన్నయ్య ఓడరేవులో గుమాస్తాగా చేరి, చొక్కా గుడ్డ కోసమని ఆ కొట్టుకి వెళ్ళి, అవసరానికి మించి చొక్కాలు కుట్టించుకున్నాడు. పెళ్ళికి రెండు వైపులా ఏడుపులు సమానంగానే జరిగాయి. తోటలో పుట్టి పెరిగిన మా అమ్మకి తెలుగూ తమిళమూ వచ్చు, సంతలో బేరమాడేంత మలయ్ వచ్చు. వదినకి తెలుగూ తమిళమూ తప్ప అన్నీ వచ్చు. అందుకని మొదటి ఆరునెలలూ అత్తాకోడళ్ళు సంత మలయ్‌లో, చేపలమ్మేవాళ్ళు మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత వదిన అమ్మ నోటి నుంచే తెలుగు నేర్చుకుంది. ఇప్పటికీ అదే తెలుగు. సైబర్‌జయలో కంప్యూటరు ఉద్యోగాలు చేసే హైదరాబాదు కుర్రాళ్ళు తెలుగు సంఘం భోజనాల దగ్గర ఆమె మాట విని, "మీది శ్రీకాకుళంలో ఏ ఊరండీ?" అని అడిగేవారు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. నేను పెళ్ళి చేసుకోకుండా, బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఆ ఇంట్లోనే ఉండిపోయాను కాబట్టి సగం కాదు, ముప్పాతిక మొగుణ్ణే. వదిన నన్ను "టీచరమ్మా" అంటుంది. అది గౌరవం కాదని ఇద్దరికీ తెలుసు.

ఈ దేశంలో వసంతం అంటూ ఒకటి రాదు. ఎండ, వాన, మళ్ళీ ఎండ. కోయిల కూసినా ఏ నెలలో కూసిందో చెప్పలేం. వసంతం మా ఇంటికి వదిన నోటమ్మటే వచ్చేది. "చేత్ నెల వచ్చినాది" అని ఒక పొద్దున ప్రకటించేది, బయట వాన దంచుతూ ఉండగా. చేత్ అంటే మన చైత్రమే, వాళ్ళకి ఒక పక్షం ముందే మొదలవుతుంది. అక్కణ్ణుంచి వరస. ముందు శీతలమ్మ రోజు. ఆ రోజు పొయ్యి వెలిగించకూడదు, ముందురోజు వండినవే చల్లగా తినాలి. ఇది విని మా అమ్మ ముక్కున వేలేసుకుంది. "తోటలో ఉన్నన్నాళ్ళూ మాము రోజూ సద్దన్నమే తిన్నాము గదే! అది పండగని తెలిస్తే పసుపు కుంకుమా పెట్టుకుని తిందుము" అంది. ఆ తర్వాత చైత్రం మొదటి రోజు నుంచి నవరాత్రులు. తొమ్మిది రోజులూ ఉపవాసం, ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, బియ్యం లేదు, గోధుమ లేదు. సగ్గుబియ్యం, చిలగడదుంప, కర్రపెండలం, పళ్ళు, పాలు. ఆ మీదట వైశాఖి. ఆ రోజు పసుప్పచ్చని తీపి అన్నం, గురుద్వారాలో అందరితో కింద కూర్చుని భోజనం. మా అన్నయ్యకి భక్తి అంతా కడుపులోనే ఉండేది కాబట్టి వైశాఖి అంటే ఆయనకి మహా నమ్మకం.

నవరాత్రుల మొదటి రోజున పొద్దున్నే మట్టి మూకుడులో బార్లీ గింజలు చల్లి దేవుడి దగ్గర పెట్టాలి. తొమ్మిదో నాటికి పచ్చగా జానెడెత్తు మొలిస్తే ఇంటికి మంచిది. పెళ్ళయిన మొదటి ఏడాది అన్నయ్య ఉత్సాహంగా తనే చైనావాళ్ళ కొట్టుకి వెళ్ళి బార్లీ తెచ్చాడు. ఇక్కడ బార్లీ అంటే జావ కాచుకునేది. తెల్లగా పాలిషు పట్టి ముత్యాల్లా ఉంటుంది. వదిన చల్లింది, నీళ్ళు పోసింది, దండం పెట్టుకుంది. మొలక లేదు. నాలుగో రోజుకి వాసన మొదలైంది. కొత్త కోడలు, పరాయి ఇల్లు, అమ్మవారికి తన పెళ్ళి నచ్చలేదని వంటింట్లో నిలబడి ఏడుస్తూంటే, చివరికి మా అమ్మే ఒక గింజ తీసి గోటితో గిల్లి చూసింది. "దీనికి పొట్టూ నేదు, ముక్కూ నేదు. మొగుడిలాగే నునుపు. ఎలా మొలుస్తాదే?" అంది. అన్నయ్య మాత్రం, "ఉన్నవాటిలో మంచి రకమే తెచ్చినాను గదా" అని చాలాకాలం వాదించాడు. అప్పట్నుంచీ వాళ్ళ నాన్నగారే పొట్టు తీయని గింజలు ఎక్కణ్ణుంచో తెప్పించి ఇచ్చేవారు.

మరి ఆ చైత్రం మొదటి రోజే మనకి ఉగాది. ఒకే రోజు, ఒకే వంటిల్లు, ఇద్దరు ఆడవాళ్ళు. అమ్మ పచ్చడి చేసి కోడలికి ఇచ్చింది. కోడలు తీసుకోలేదు. ఉపవాసంలో మామూలు ఉప్పు తినకూడదట, ఇందుప్పే తినాలట. ఉగాది నాడు పచ్చడి తిననిదాన్ని ఇంట్లో ఎలా ఉంచుకోను అని అమ్మ, వేరే ఉప్పు తిని వ్రతం ఎలా చెడగొట్టుకోను అని వదిన, ఇద్దరూ మలయ్‌లో దెబ్బలాడుకున్నారు. మరుసటి ఏడు అమ్మ ఎవరికీ చెప్పకుండా ఇందుప్పు కొనుక్కొచ్చి, కారానికి బదులు మిరియాలు నూరి, వేరే గిన్నెలో కొంచెం పచ్చడి కలిపి కోడలి ముందు పెట్టింది. ఆ పై ఏడు, రెండు గిన్నెలు ఎవడు తోముతాడు అని, ఇంటిల్లిపాదికీ ఇందుప్పు పచ్చడే అయింది. వేపపువ్వు కోసం అన్నయ్య పొద్దున్నే గుడి వెనక చెట్టు దగ్గరికి వెళ్ళేవాడు. పువ్వు లేని ఏడు లేత ఆకు తెచ్చేవాడు. ఎనిమిదో రోజున వదిన మా వరసలో ఇళ్ళన్నిటి నుంచీ చిన్నచిన్న ఆడపిల్లల్ని పిలిచి, వరసగా కూర్చోబెట్టి, కాళ్ళు కడిగి, ముంజేతికి ఎర్రదారం కట్టి, పూరీ, నల్ల శనగలు, రవ్వ హల్వా పెట్టేది. తమిళ పిల్లలు, తెలుగు పిల్లలు, పక్కింటి చైనా పిల్ల కూడా. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ, "మా తోటలో ఆడపిల్లల కాళ్ళకి జలగలు పట్టడం సూసినాను గాని, ఒకళ్ళు కడగడం ఎప్పుడూ సూడలేదు" అంది. ఆ తర్వాత వదిన పూజల గురించి అమ్మ ఒక్క మాట కూడా వెటకారంగా అనలేదు.

ఇలా చాలా ఏళ్ళు సాగింది. ఒక ఉగాది పొద్దున అన్నయ్య వేపకొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టి, భుజం లాగుతున్నట్టుంది అంటూ కుర్చీలో కూర్చున్నాడు. వదిన అప్పుడే మూకుడులో గింజలు చల్లింది. చేతికి మట్టి ఉండగానే నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను చింతపండు పిసుకుతున్నాను. అంబులెన్సు వచ్చేలోగానే అంతా అయిపోయిందని తర్వాత ఆస్పత్రిలో చెప్పారు. ఆ వరండాలో కూర్చుంటే నా చేతికి ఇంకా చింతపండు వాసన వేస్తోంది, కడుక్కోవాలి అనుకోవడం గుర్తుంది. ఏడ్చినట్టు గుర్తు లేదు, ఏడవలేదు కాబట్టి. వదినా ఏడవలేదు. మా మేనకోడలు, అంటే అన్నయ్య ఒక్కగానొక్క కూతురు, అప్పుడు కాలేజీలో చేరబోతోంది. అదొక్కతే మా అందరి తరఫునా ఏడ్చింది. అంటు ఇంట్లో దేవుడి మూకుడు ఉండకూడదని వదిన వైపు పెద్దావిడ ఒకరు దాన్ని తీసుకెళ్ళి ఏట్లో వదిలేయించారు. గింజలు మొలిచాయో లేదో మాకు తెలియదు.

పెద్దకర్మ అయిన నాడు అమ్మ గోడకి చేరబడి, "ఉగాది ఇంక మనకి నేదు" అంది. పండగ రోజున ఇంటి మనిషి పోతే ఆ పండగ ఆ ఇంటికి లేనట్టే అని మా తోటలో ఆచారం. వదిన తలూపి, "నవరాత్రులూ నేవు. ఖోటా అయిపోయినాయి" అంది. ఖోటా అంటే చెల్లనిది అని వాళ్ళ మాట. వాళ్ళ పంజాబులోనూ అచ్చం ఇదే పద్ధతి ఉందట. అత్తాకోడళ్ళు ఒక ఆచారం గురించి వాదించుకోకుండా ఒప్పుకున్నది అదే మొదటిసారి. పోయిన పండగ తిరిగి రావాలంటే అదే తిథి నాడు ఆ ఇంట్లో బిడ్డ పుట్టాలి, లేదా ఆవు ఈనాలి. ఇది కూడా ఇద్దరూ ఒకే మాటగా చెప్పారు. క్లాంగ్‌లో ఇరుకింటి వరసలో ఆవుని కడితే మునిసిపాలిటీవాళ్ళు ఏం చేస్తారో ఎవరూ అడగలేదు. కొన్నాళ్ళకి అమ్మ కూడా వెళ్ళిపోయింది. ఏ పండగనీ పాడుచేయకుండా, ఒక మామూలు మంగళవారం నాడు.

అప్పట్నుంచీ మా వసంతం మధ్యలో ఒక రోజు ఖాళీ. శీతలమ్మ చద్దికూడు తినేవాళ్ళం, వైశాఖికి పసుపు అన్నం వండుకునేవాళ్ళం. మధ్యలో ఉగాది ఉండేది కాదు. ఆ రోజు వదిన కావాలనే ఉల్లిపాయ పులుసు పెట్టేది. నేను బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. తెలుగు సంఘంవాళ్ళు ఫోనులో పంపే శుభాకాంక్షలకి జవాబివ్వం. ఒకళ్ళతో ఒకళ్ళం కూడా పెద్దగా మాట్లాడుకోం. చెప్పుకుంటే బాగుండదు గాని, ఆ రోజు మాకు హాయిగా ఉండేది. మిగతా రోజుల్లో ఎవరో ఒకరు తేరుకున్నారా అని అడుగుతారు, గుడికి రమ్మంటారు, పెళ్ళికి పిలుస్తారు, నవ్వమంటారు. మేం నవ్వుతాం కూడా. ఆ ఒక్క రోజు మాత్రం మొద్దుబారిపోయి కూర్చోవడానికి ఆచారమే మాకు సెలవిచ్చింది.

మా మేనకోడలు చదువు ముగించి, సైబర్‌జయలో కంపెనీలో చేరి, పెళ్ళి చేసుకుని అక్కడే ఉంటోంది. తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడితే సగం ఇంగ్లీషు, మాట చివర ఇక్కడివాళ్ళందరూ తగిలించే "లాహ్". ప్రతి ఉగాదికీ దానికి ముందు కాలేజీలో, తర్వాత ఆఫీసులో ఏదో తప్పించుకోలేని పని పడేది. అది కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ తిరగబడి ఉందని, ఆపరేషను చేయాల్సిందేనని డాక్టరు చెప్పి, ఏ రోజు కావాలో ఎంచుకోమంది. సాయంత్రం మా మేనకోడలు నాకు ఫోను చేసింది. "అత్తా, ఆమె ఇచ్చిన డేట్స్‌లో ఉగాది ఉంది లాహ్! అమ్మకి చెప్పకు. సర్‌ప్రైజ్" అంది. ఆడపిల్ల కన్న బిడ్డ అత్తవారి ఇంటిదవుతుంది కదా, చెల్లుతుందా అని నేనడిగాను. అదీ కనుక్కుందట. గుళ్ళో అయ్యగారు, ఆవులు లేని చోట మనవరాలు చెల్లుతుంది అన్నారట. ఆయన చాలా ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్న మనిషి, సర్దుకోవడం తెలుసు.

పాప ఉగాది నాడు మధ్యాహ్నం పుట్టింది. ఆస్పత్రిలో మా మేనకోడలు మత్తు పూర్తిగా దిగకుండానే, "అమ్మా, నీ పండగ నీకిచ్చేసినాను" అంది. వదిన పాపని ఎత్తుకుంది, నవ్వింది, నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. చూసినవాళ్ళెవరికీ లోపం కనిపించదు. తిరిగి వస్తూ కారులో, "ఇవాళ ఏటి వారం టీచరమ్మా?" అని అడిగింది. బుధవారం అన్నాను. "ఆయన పోయినాడు గదా, అది సోమవారం" అంది.  తిథి కలిసినా ఇది ఆ రోజు కాదని ఆమె అంటున్నట్టు నాకు అర్థమైంది. నాకూ అలాగే ఉంది. కాని ఆ మాట చంటిబిడ్డ తల్లికి ఎవరు చెబుతారు?

ఈ ఏడు ఉగాది రంజాను నెల చివర్లో, ఇక్కడ రాయా అని పిలిచే ఈదు పండగ సెలవుల ముందు పడింది. ఇంగ్లీషు తేదీ ప్రకారం పాప మొదటి పుట్టినరోజు సైబర్‌జయలో ముందే అయిపోయింది. కాని తిథి ప్రకారం క్లాంగ్‌లో, మా ఇంట్లో, ఉగాదీ నవరాత్రులూ పుట్టినరోజూ అన్నీ కలిపి చేయాలని మా మేనకోడలి పట్టు. పొద్దున్నే పాపని చంకనేసుకుని, సంచుల నిండా సామాను వేసుకుని దిగింది. మట్టి మూకుడు, పొట్టు తీయని బార్లీ, మామిడికాయ, ఇందుప్పు, ఒక అట్టపెట్టెలో కేకు. అల్లుడు ఆఫీసు చూసుకుని సాయంత్రం వస్తానన్నాడట. తీరా వంటింట్లోకి వస్తే వదిన ఎప్పటిలాగే కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

"అయ్యో అమ్మా, ఇవాళ ఉల్లిపాయలేటి! పండగ వచ్చేసింది కదా. ఇంక పోయింది కాదు" అంది మా మేనకోడలు.

వదిన చెయ్యి ఆపింది. "పోయిందని సెప్పినాను. కావాలని ఎప్పుడైనా సెప్పినానా?"

నేను పొయ్యి మంట తగ్గించాను.  

"మరి ఆస్పత్రిలో ఏమీ అనలేదే నువ్వు?"

"అప్పుడు నీ కడుపు కోసి ఉన్నాది. ఏటంటాను?" వదిన గొంతు పెంచలేదు. "అన్ని రోజులూ తినమంటారు, నవ్వమంటారు. ఈ ఒక్క రోజూ నన్నెవురూ ఏటీ అడగరు. ఆయనకని నాకు మిగిలింది ఇదొక్కటే. దీనికి కూడా కేకు పెట్టేస్తారేటి?"

మా మేనకోడలు సంచులు కింద పెట్టేసింది. దాని ముఖం చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పటిలా అయిపోయింది. "నాకు ఈ రోజంటే భయం అమ్మా. మీ ఇద్దరూ మాట్లాడరు. ఇల్లంతా ఎలాగో ఉంటుంది. అందుకే నేను వచ్చేదాన్ని కాదు, ఆఫీసు పని అని అబద్ధం చెప్పేదాన్ని. నాన్న చచ్చిపోయిన రోజు అని కాకుండా దీనికి ఇంకోటి ఏదన్నా కావాలనుకున్నాను. నీ కోసమే కాదు లాహ్, నా కోసం" అంది. అది ఏడుస్తూ చెప్పింది. దానికి ఏడుపు వస్తుంది. ఆ క్షణాన నాకు దాని మీద అసూయ కలిగింది, నిజం.

 పాప నేల మీద పాకుతూ వెళ్ళి ఒక ఉల్లిపాయ పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. వదిన లాక్కుని, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కొంగుతో చేతులు తుడిచింది. అప్పుడు అంది, "ఆయన పొద్దున పోయినాడు. ఇది మద్దేన్నం పుట్టినాది. మద్దేన్నం దాకా నాకొగ్గీయే. ఆ తరవాత నువ్వేటి సేసుకున్నా నాను కాదనను."

శాస్త్రం ఒప్పుకోదు. నవరాత్రుల గింజలు పొద్దున్నే చల్లాలి. ఉల్లిపాయ తిన్న చేత్తో అసలు ముట్టుకోకూడదు. మా మేనకోడలికి అవన్నీ తెలుసు, ఫోనులో చూసి నేర్చుకుంది. అయినా సరే అంది. సంచులు మెట్ల కిందకి తోసేసి వచ్చి మా పక్కన నేల మీద కూర్చుంది. అన్నయ్య పోయిన తర్వాత ఉగాది పొద్దున మేం ముగ్గురం ఒకచోట ఉండడం అదే మొదటిసారి. ఉల్లిపాయ పులుసూ అన్నం తిన్నాం. తింటూ అది, "నాన్న ఆఖరిన ఏమన్నాడు?" అని అడిగింది. "భుజం లాగుతోందన్నాడు" అంది వదిన. "ఇంకేమీ అనలేదా?" "నీల్లడిగినాడు. ఇచ్చినాను. తాగినాడు." అంతే. ఇన్నేళ్ళుగా ఆ మాట దానికి ఎవరమూ చెప్పలేదు. అదీ అడగలేదు.

మధ్యాహ్నం వదిన స్నానం చేసి వచ్చింది. మా మేనకోడలు గింజలు చల్లింది. వదిన నీళ్ళు పోసింది. పచ్చడి నేను కలిపాను. వేపపువ్వు తగిలి పాప ముఖం నలిపేసుకుంటే అందరూ నవ్వారు, వదినా నవ్వింది. నా నాలుకకి ఉప్పు తప్ప ఏమీ తెలియలేదు. బాగుంది అన్నాను. సాయంత్రానికి అల్లుడు వచ్చాడు, వరసలోవాళ్ళు వచ్చారు. పక్కింట్లోని చైనా పిల్ల ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, తనూ వచ్చి పాప చేతికి గాజులు తొడిగింది. అందరూ పాపకి శుభాకాంక్షలు చెప్పారు. ఇవాళ ఇంకేమిటో అని ఎవరికీ గుర్తు లేదు. ఎందుకుండాలి?

వదినా నేనూ మాత్రం లెక్క సరిగానే కుదిరిందనుకున్నాం. పొద్దున ఆయనది, సాయంత్రం పాపది. కాని నేను బడిలో చాలా తరాల పిల్లల్ని చూశాను, ఈ పంపకం ఎన్నాళ్ళు నిలుస్తుందో నాకు తెలుసు. పాప పెరుగుతుంది, పుట్టినరోజున పెందలాడే లేస్తుంది, కొత్త గౌను వేయమని అడుగుతుంది. ఆ సాయంత్రం ఏడాదికి కాస్త చొప్పున ముందుకి జరుగుతూ, ఏదో ఒక ఉగాది నాడు, మాలో ఎవరూ గమనించకుండానే, పొద్దుటి దాకా వచ్చేస్తుంది.